వానపాముల్ని కొనకండి, ఆకు మిగల్చండి

బెంగళూరులో ఇప్పుడు చాలా నర్సరీల్లో వానపాములు దొరుకుతున్నాయి. కొబ్బరిపొట్టు నింపిన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకి నాలుగు చిల్లులు పెట్టి, తూకం లెక్కన ఇస్తారు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తాయి. మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ ఎవరో ఒకరు అడుగుతుంటారు: "మా గార్డెన్‌లో మట్టి గట్టిపడిపోయింది, వానపాములు ఎక్కడ దొరుకుతాయండీ?" అడగడమే ఆలస్యం, లింకుల మీద లింకులు వచ్చి పడతాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గట్టిపడ్డ నేల కోసం వానపాముల్ని కొనడం శుద్ధ దండగ. ఆ డబ్బాలో వచ్చేవి నేల దున్నే రకం కావు. దున్నే రకం మీ నేలలోనే ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. దాని నోటికాడి కూడునే మనం రోజూ పొద్దున్నే చీపురుతో ఊడ్చి, మూట కట్టి లారీ ఎక్కిస్తున్నాం.

వానపాములన్నీ ఒకటే అనుకుంటాం కదా. ఏ ఆరో తరగతిలోనో ఒక బొమ్మ, దాని కింద 'రైతు మిత్రుడు' అని ఒక వాక్యం, పరీక్షలో రెండు మార్కులు, అంతటితో సరి. నిజానికి ఉండే చోటుని బట్టి, తినే తిండిని బట్టి వాటిలో మూడు రకాలున్నాయి. మార్సెల్ బూషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1970లలో చేసిన ఈ విభజననే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. ఒక రకం నేల పైపైన, కుళ్లుతున్న ఆకుల్లో, పేడకుప్పల్లో బతుకుతుంది. లోతుకి దిగదు, మట్టి పెద్దగా తినదు. ఇంకో రకం మట్టిలోనే అడ్డంగా తొలుచుకుంటూ పోతుంది, మట్టినే తింటుంది, మట్టినే వదులుతుంది. మూడోది నిలువుగా లోతైన బొరియ చేసుకుని, రాత్రిపూట పైకి వచ్చి, ఆకుని పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది.

డబ్బాలో అమ్మేవి మొదటి రకం. సన్నగా, ఎర్రగా, ముట్టుకోగానే గిలగిల్లాడేది ఐసీనియా ఫెటిడా, దాని పుట్టిల్లు యూరప్. కాస్త పొడుగ్గా, లావుగా, ఊదారంగు మెరుపుతో ఉండేది యూడ్రిలస్ యూజీనియే, అది పశ్చిమాఫ్రికా నుంచి వచ్చింది. ఇక్కడే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, జీకేవీకే క్యాంపస్‌లో, రాధా డి. కాలే ఈ యూడ్రిలస్ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. దక్షిణాదిలో వర్మీ కంపోస్టు ఇంత మామూలు మాట అయిందంటే అందులో ఆవిడ చలవ చాలా ఉంది. తొట్టెలో వీటిని మించిన పనిమంతులు లేరు. కూరగాయల తొక్కలు, పేడ, ఎండుటాకు, ఏది వేసినా రెండు మూడు నెలల్లో నల్లటి పొడి చేసి పెడతాయి. మా బాల్కనీలోనూ ఒక తొట్టి ఉంది, దాంతో నాకే పేచీ లేదు. అదే పురుగుని తీసుకెళ్లి బిగుసుకుపోయిన ఎర్రనేల మీద వదిలితే మాత్రం దానికి తినడానికి తిండీ ఉండదు, దిగడానికి దారీ ఉండదు. ఎండకి ఎండుతుంది, లేదంటే గోరింకల పాలవుతుంది.

మట్టిలోకి దిగేవి మనకి వేరే ఉన్నాయి. లాంపిటో మారిషీ అని ఒకటి. పేరులో మారిషస్ ఉన్నా, దక్షిణాది పొలాల్లో, తోటల్లో బాగా కనిపించే వానపాము అది. చెన్నైలో న్యూ కాలేజీలో పనిచేసిన సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ దాని మీద పరిశోధన చేశారు. ఎరువు తయారీకైనా సరే, బయటి జాతుల వెంట పడకుండా మన జాతులనే వాడుకోమని ఆయన చెబుతూ వచ్చారు. ఆ మాట నర్సరీ దాకా చేరలేదు. చేరినా అమ్మకానికి పనికిరాదు, ఎందుకంటే లాంపిటో డబ్బాలో అంత తొందరగా పిల్లల్ని పెట్టదు.

వానపాముల గురించి ఎవరు రాసినా డార్విన్ దగ్గరికి వెళ్లక తప్పదు. నేను మాత్రం ఆయన కంటే ఆయన మేనమామ దగ్గర మొదలుపెడతాను. జొసాయా వెడ్జ్‌వుడ్ అనే ఆ పెద్దమనిషి తన పచ్చికబయళ్లని డార్విన్‌కి చూపించి, కొన్నేళ్ల కిందట పైన చల్లిన సున్నం, బొగ్గు నుసి ఇప్పుడు కొన్ని అంగుళాల లోతున ఒక పొరగా ఎలా దొరుకుతున్నాయో చూడు, ఇది వానపాముల పనే అన్నాడు. మేనల్లుడు ఆ మాట పట్టుకుని 1837లో లండన్ జియలాజికల్ సొసైటీలో ఒక వ్యాసం చదివాడు. రెండేళ్లకి ఆ మేనమామ కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు, మన వైపు సంబంధాల్లాగే. వానపాముల మీద పుస్తకం మాత్రం 1881లో గానీ రాలేదు. అదే ఆయన చివరి పుస్తకం, మరుసటి ఏడాది పోయాడు. మధ్యలో ఇన్నేళ్లు ఆయన ఇంటి వెనక ఈ పురుగులు పని చేసుకుంటూనే ఉన్నాయి, ఆయన చూస్తూనే ఉన్నాడు. కుండీల్లో పెంచి వాటి ముందు సంగీతం వాయించి చూశాడు. ఎంత గట్టిగా వాయించినా చలించలేదు. ఆ కుండీలనే పియానో మీద పెట్టి మెట్టు నొక్కేసరికి చటుక్కున బొరియల్లోకి దూరాయి. చెవుల్లేవు, అదురు మాత్రం తెలుస్తుంది. కాగితాన్ని త్రికోణాలుగా కత్తిరించి నేల మీద పడేసి, ఏ కొస పట్టుకుని లాగుతాయో కూడా లెక్క రాసుకున్నాడు. ఎక్కువగా లోపలికి సులువుగా దూరే సన్నటి కొసనే పట్టుకున్నాయి. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏడాదికి 10 టన్నుల పైన పొడిమట్టి వానపాముల కడుపులోంచి వెళ్లి పైకి వస్తుందని తేల్చాడు. ఆయన లెక్క చలిదేశపు లెక్క, మన నేలకి అదే అంకె వేయడం తప్పు. పని తీరు మాత్రం ఎక్కడైనా అదే.

ఆ పనిని చూడాలంటే వాన పడ్డ మర్నాడు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీ మూలకి రావాలి. మేం వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటాం. అక్కడ ఒక కానుగ చెట్టు ఉంది. ఎవరూ అటు వెళ్లరు కాబట్టి పడిన ఆకు పడినట్టే ఉంటుంది. ఆ ఆకుని చేత్తో పక్కకి జరిపితే కింద మట్టి చిన్న చిన్న పోగులుగా లేచి ఉంటుంది, జంతికల గొట్టంలోంచి జారిన పిండిలా మెలికలు తిరిగి. వానపాము వదిలిన మట్టి అది. పచ్చిగా ఉన్నప్పుడు వేలితో నొక్కితే మెత్తగా మెదుగుతుంది, ఆరాక చిన్న చిన్న పలుకులుగా విడిపోతుంది. ఆరిన పలుకు ఒకటి తెచ్చి గ్లాసు నీళ్లలో వేయండి. ఒక పట్టాన కరగదు. ముందు వైపు లాన్‌లోంచి అంతే మట్టిపెడ్డ తెచ్చి ఇంకో గ్లాసులో వేస్తే చూస్తుండగానే విచ్చిపోయి నీళ్లు బురదవుతాయి.

తేడా ఎక్కడుందంటే దాని కడుపులో. వానపాముకి పళ్లు లేవు. మింగిన ఇసుక రేణువులతోనే, కండలున్న ఒక సంచిలో, ఆకునీ మట్టినీ కలిపి నూరుతుంది. పేగులోని జిగురు, నీరు తగిలి సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ జిగురూ, సూక్ష్మజీవులు వదిలే బంకా కలిసి బంకమట్టి రేణువుల్ని పట్టి ఉంచుతాయి. అందుకే ఆ పలుకు నీళ్లకి చెదరదు. పలుకుకీ పలుకుకీ మధ్య గాలి ఆడుతుంది, నీళ్లు నిలుస్తాయి, వేరు దూరుతుంది. బొరియ గోడకి కూడా అదే జిగురు పూసి ఉంటుంది, దాన్నే దారి చేసుకుని వేర్లు కిందికి దిగుతాయి. మనం గడ్డపారతో చేయలేని పని ఇది. గడ్డపార మట్టిని పగలగొడుతుంది గానీ పలుకు కట్టలేదు.

ముందు లాన్‌లో ఇవేవీ లేవు. మా తోటమాలి చింతామణి వైపు మనిషి, కోలారు తెలుగు మాట్లాడతాడు, మట్టి గురించి మా కమిటీ మొత్తానికి తెలిసినదాని కంటే ఆయనకి ఎక్కువ తెలుసు. "ఇక్కడ ఎర్రలెందుకు లేవు పెద్దాయనా?" అని అడిగాను. "ఆకంతా ఊడ్చి మూట కట్టి పంపిస్తాంటే అవి ఏం తిని బతకల్లమ్మా? పైన ఎండ, కింద సిమెంటు" అన్నాడు. కింద సిమెంటు అన్నది నిజంగానే. మా లాన్ బేస్‌మెంట్ పార్కింగ్ కప్పు మీద పరిచిన మట్టి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటి పచ్చదనం ఇలాంటిదే. వేసవిలో పైన ఎండిపోతే మట్టిలో ఉండే వానపాము లోతుకి దిగి, ఉండలా చుట్టుకుని, వానదాకా పడుకుంటుంది. దిగడానికి లోతే లేకపోతే ఎక్కడికి పోతుంది?

శివరాత్రి ముందూ వెనకా ఈ ఊళ్లో ఆకు రాలే కాలం. కానుగలు, నిద్రగన్నేర్లు, తురాయిలు వీధులకి వీధులే నింపేస్తాయి. మన ఊళ్లలో కానుగ రొట్ట విలువ తెలియని రైతు ఉండేవాడు కాదు. కొమ్మలు నరికి తెచ్చి మడిలో పరిచి, కాళ్లతో దమ్ములోకి తొక్కేవాళ్లు. వరికి అది పచ్చిరొట్ట ఎరువు. ఇక్కడ అదే కానుగ ఆకుని చెత్త అంటున్నాం. ఊడ్చడానికి జీతం ఇస్తాం, మోసుకెళ్లడానికి డబ్బు కడతాం, ఆ తరువాత నర్సరీకి వెళ్లి బస్తా ఎరువు, ఒక డబ్బా వానపాములు కొనుక్కొస్తాం. లెక్కలు బాగా వచ్చిన వాళ్లుండే ఊళ్లో ఈ లెక్క ఎవరికీ తట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. కొన్ని వీధుల్లో ఇప్పటికీ పొద్దున్నే కుప్పచేసి నిప్పు పెడుతుంటారు. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం రోడ్ల మీద చెత్త కాల్చకూడదు. చెప్పి చూడండి, "ఆకులే కదా మేడమ్" అంటారు.

ఆకు మీద నాకింత పట్టుదల ఎందుకంటే పరిశోధన కూడా అటే చూపిస్తోంది. 2014లో, అంతకుముందు జరిగిన ఎన్నో ప్రయోగాల ఫలితాల్ని ఒకచోట చేర్చి లెక్క కట్టారు. వానపాములు ఉన్న నేలలో పంట దిగుబడి సగటున 25 శాతం ఎక్కువ వచ్చింది. ఈ 25 శాతాన్ని బస్తాల మీద అచ్చేసి అమ్మేవాళ్లు దాని పక్కనున్న రెండు మాటలు వేయరు. పంట వ్యర్థాలు, ఆకు అలమ నేలకి తిరిగి ఇచ్చినప్పుడే ఆ లాభం పెరిగింది. నత్రజని ఎరువు దండిగా వేసిన చోట లాభం మాయమైంది. కారణం కష్టమైనదేమీ కాదు. వానపాము నత్రజనిని పుట్టించదు. ఆకులోనూ, మట్టిలోని సేంద్రియ పదార్థంలోనూ చిక్కుకుని ఉన్నదాన్ని మొక్కకి అందే రూపంలోకి తెస్తుంది, అంతే. ఆకు లేనిచోట తేవడానికి ఏముంది? 2023లో వచ్చిన ఇంకో అంచనా ప్రకారం ప్రపంచపు ధాన్యం దిగుబడిలో దాదాపు 6.5 శాతం, పప్పుజాతి పంటల్లో 2.3 శాతం వానపాముల పుణ్యమే, ఏడాదికి 14 కోట్ల టన్నులకి పైమాట. ఇది ఎవరూ డబ్బాలో కొని వదిలినవి చేసిన పని కాదు.

అలాగని వానపాముని దేవుణ్ణి చేయనక్కర్లేదు. అవి ఉంటే నేల నుంచి వాతావరణాన్ని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు, నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వెలువడతాయని 2013లో ఒక సమీక్ష వచ్చింది. 'వానపాములతో వాతావరణ మార్పుకి చెక్' లాంటి శీర్షికలు చూసినప్పుడు నాకు నవ్వొస్తుంది. ఎక్కడపడితే అక్కడ వదలడమూ మంచిది కాదు. ఉత్తర అమెరికాలో మంచుయుగపు మంచు కప్పేసిన ప్రాంతాల అడవుల్లో ఒకప్పుడు అసలు వానపాములే ఉండేవి కావు. యూరప్ నుంచి వలసవాళ్లతో వచ్చినవి అక్కడి మేపుల్ అడవుల్లో నేలని కప్పి ఉంచే ఆకుపొరని తినేసి, దాన్ని నమ్ముకున్న చిన్న మొక్కల్ని దెబ్బతీశాయి. మన పడమటి కనుమల తోటల్లోనూ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పోంటోస్కోలెక్స్ అనే వానపాము పాతుకుపోయింది.

బెంగళూరు వరకు అసలు లాభం ఎరువు కూడా కాదు, నీళ్లు. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల పడవలూ ట్రాక్టర్లూ ఎక్కి ఆఫీసులకి వెళ్లిన జనం, 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. వాననీటి సంరక్షణ నిబంధన 2009 నుంచి ఉంది. ఇంకుడు గుంత తవ్వాం, కంకర పోశాం, ఫొటో తీసి పంపాం. చుట్టూ ఉన్న నేలని మాత్రం పేవర్ బ్లాకులతో కప్పేశాం, మిగిలినదాన్ని ఊడ్చి ఊడ్చి, తొక్కి తొక్కి బిగించేశాం. ఆకుపొర ఉన్న నేల మీద చినుకు మెత్తగా పడుతుంది, వానపాము బొరియల్లోంచి నీరు గబగబా లోపలికి పోతుంది. బోసి నేల మీద అదే చినుకు మట్టిని చితక్కొట్టి పైన ఒక పెచ్చు కట్టిస్తుంది, నీళ్లు రోడ్డెక్కుతాయి. కానుగ మూలలో ఎంత పెద్ద వాన కురిసినా నీళ్లు నిలవడం నేను చూడలేదు. లాన్‌లో అరగంట వానకే చెప్పులు తేలతాయి. ఆకుపొరతోనే ఊరి వరదలు ఆగిపోతాయని నేననను. మన గేటు లోపల పడిన నీళ్లని మన గేటు లోపలే దించుకోవడం గురించి మాట్లాడుతున్నాను.

ఇక ఆకు వదిలేద్దామంటే అపార్ట్‌మెంట్ మీటింగుల్లో వినిపించే అభ్యంతరాలు. పాములు. ఇది కొట్టిపారేసే మాట కాదు, నాగుపాము, రక్తపింజరి ఈ ఊళ్లో ఉన్నాయి. అందుకే కుప్ప పోయకూడదు. రెండు మూడు అంగుళాల మందాన పరచాలి, నడిచే దారికీ గుమ్మాలకీ పిల్లలు ఆడే చోటుకీ దూరంగా. దోమలు, డెంగీ. ఆ దోమ నిలిచిన నీళ్లలో పెడుతుంది గుడ్లు, నేల మీద పరిచిన ఎండుటాకుల్లో కాదు. డెంగీ టెన్షన్ ఉన్నవాళ్లు ముందు తమ బాల్కనీలో కుండీల కింద పెట్టిన పళ్లేలు చూసుకోవాలి. రోడ్డు మీది ఆకు, కాలువకి అడ్డం పడే ఆకు ఊడ్చి తీరాల్సిందే, నా వాదన మట్టి మీద పడిన ఆకు గురించే. చివరగా, చూడ్డానికి బాగుండదు అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు బాగుంటుంది.

మందుల సంగతి కూడా ఒక మాట. మిద్దె తోటల్లో చీటికీ మాటికీ కార్బెండజిమ్ పొడి కలిపి పోస్తుంటారు, బూజు తెగులు రాకుండా. పురుగుమందులు వానపాములకి ఎంత చేటు చేస్తాయో పరీక్షించే ప్రయోగశాలల్లో, పోల్చి చూడటానికి ప్రమాణంగా వాడే విషాల్లో అదొకటి. కార్బోఫ్యురాన్ అనే పురుగుమందు గుళికలు వానపాములకి ఎంత చేటో రైతులకి చెప్పక్కర్లేదు. ఎరువుల విషయానికొస్తే ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నడుస్తున్న గడ్డి ప్రయోగం ఒకటుంది. సున్నం వేయకుండా ఏళ్ల తరబడి అమోనియం సల్ఫేట్ మాత్రమే వేసిన మడుల్లో నేలలో ఆమ్లం బాగా పెరిగి వానపాములు కరువయ్యాయి. చచ్చిన గడ్డి కుళ్లక, లోపలికి లాగేవాళ్లు లేక, పైనే మందపాటి చాపగా పేరుకుపోయింది.

మీ నేలలో ఉన్నాయో లేదో తెలుసుకోవడం సులువే. రెండు మూడు మంచి వానలు పడ్డాక అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతున ఒక పెళ్ల తవ్వి, గోనెసంచి మీద పోసి చేత్తో విడగొట్టి చూడండి. పది దాకా కనబడితే మంచి నేల అని ఒక మోటు లెక్క. రెండో మూడో ఉన్నా చాలు, ఆకు పరిచి, అప్పుడప్పుడూ తడిపి, తవ్వకుండా వదిలేస్తే అవే పెరుగుతాయి. అసలేమీ లేకపోతే దగ్గర్లో ఏ పాత చెట్టు కిందో ఉన్న మట్టిని ఆకుతో సహా రెండు తట్టలు తెచ్చి వేయండి. ఆ మట్టిలో స్థానిక వానపాముల గుడ్లు ఉండే అవకాశం ఎక్కువ. మాలాగా పార్కింగ్ కప్పు మీద లాన్ ఉన్నవాళ్లు మాత్రం లోతు రకాల మీద ఆశ పెట్టుకోకుండా తొట్టెల్లో ఎరువు చేసుకుని వేసుకోవడం మేలు.

ఇప్పటికే డబ్బా కొనేసిన వాళ్లు కంగారు పడక్కర్లేదు. వాటిని తొట్టెలోనే ఉంచండి. నిమ్మతొక్కలు, ఉప్పూ కారం పడిన కూరలు వేయకండి. ఏప్రిల్ ఎండల్లో తడిపిన గోనెపట్టా కప్పండి. ఎరువు జల్లెడ పట్టేటప్పుడు పురుగుల్ని ఏరి మళ్లీ తొట్టెలోకే వేయండి.

మా అపార్ట్‌మెంట్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక విషయం: కానుగ మూలని 'డెవలప్' చేసి, టైల్స్ వేసి, రెండు సిమెంటు బెంచీలు పెట్టాలని ఈ నెల మీటింగు అజెండాలో ఉంది. నేను వద్దనే ఓటేస్తాను. ఆదివారం పదకొండింటికి, క్లబ్‌హౌస్‌లో. రండి.